పసుపు డ్రమ్ములో అవ్వ గోళీ

టింగ్!

సిర్రా పలక మీద ఇంకో గీత గీసింది. తెర వెనక నుంచి ఓటరు బయటికొచ్చాడు.

పశ్చిమాఫ్రికాలోని ఈ నదీదేశంలో ఓటంటే గోళీ. మూడు పార్టీలకి మూడు రంగుల ఇనుప డ్రమ్ములు, ఒక్కోదాని మోత ఒక్కో రకం. గోళీ పడగానే లోపలి గంట ఒక్కసారి మోగుతుంది. ఆ మోతలు వినడమే ఇరవై రెండేళ్లుగా సిర్రా ఉద్యోగం. ఇప్పుడు లెక్కంతా గోడ మీది కర్ణికది, మోతలు విని అంకెలేసే యంత్రానిది. ఆమె ఉత్త సాక్షి.

కూంబా అవ్వ కర్ర ఊపుకుంటూ తెర వెనక్కి వెళ్లింది. టింగ్. సన్నటి మోత, పసుపు డ్రమ్ముది. కర్ణిక తెర మీద మాత్రం ఆకుపచ్చ అంకె ఒకటి పెరిగింది. పొద్దున్నుంచీ ఇదే వరస.

"నా గోళీ మోగిందా పిల్లా? మా ఆయన్ని జైల్లో కుక్కినోడు దిగిపోవాలనే వేశా!"

"మోగిందవ్వా. గట్టిగా మోగింది."

అవ్వ అటు వెళ్లగానే సిర్రా రాజధానిలో ఉన్న పర్యవేక్షకుడు సైనేకి ఫోన్ చేసింది.

"సార్, పసుపు మోతల్ని ఆకుపచ్చకి రాస్తోంది!"

"సిర్రక్కా, నీ వయసెంత?"

"యాభై ఆరు."

"చెవులకీ అంతేగా! ఏ డ్రమ్ముదో తేలని మోత పాలక పార్టీకే వెళ్తుంది. శబ్దశుద్ధి అంటే అదే."

"నాకు స్పష్టంగా..."

"నీ చెవిని ఏ కోర్టు నమ్ముతుందక్కా?" ఫోన్ పెట్టేశాడు.

ఆమె కూలబడింది. టింగ్. టింగ్. మొత్తం 603. ఊరి జాబితాలో ఉన్నది 612 మంది. జాబితా కంటే ఒక్క ఓటు ఎక్కువొచ్చినా డ్రమ్ములు తెరిచి గోళీలు చేత్తో ఎంచాలి. తాతల కాలం నాటి ఆ నియమాన్ని కొట్టేయాలని ఎవరికీ తట్టలేదు. దొంగ మోతకి ఏడేళ్ల జైలు అన్న నియమాన్ని కూడా.

గోడకి ఆనించి చేపలవాడి సైకిలుంది. దాని గంట డ్రమ్ము గంటలాగే మోగుతుందని పొద్దున్నే ఆమే లాక్కుంది.

సిర్రా లేచింది. సైకిలు గంట నొక్కింది. ట్రింగ్. ఆకుపచ్చ అంకె పెరిగింది. మొత్తం 604.

ఫోన్ మోగింది. కర్ణిక పంపే మోతల్ని రాజధానిలో వింటున్న సైనే. "సిర్రక్కా! ఏం చేస్తున్నావ్?"

"నా ఉద్యోగమే సార్. వింటున్నా."

ట్రింగ్, ట్రింగ్, ట్రింగ్...

613. కర్ణిక తెర ఎర్రబడి ఆగిపోయింది.

దేశంలో ఇంకా పద్నాలుగు వందల కేంద్రాలున్నాయి. వాటిని ఆమె ఏమీ చేయలేదు. పోలీసు జీపు శబ్దం దగ్గరపడుతోంది. రానీ. ఇక్కడ మాత్రం అవ్వ గోళీని ఎవరో ఒకరు చేతిలోకి తీసుకోవాల్సిందే.