నిండుకున్న నీళ్ళు

ఉదయం తగిలించబోయిన మొదటి కొక్కేన్ని, అంటే ఆమె రాసిన చిన్న కోడును, తనిఖీదారు ప్రోగ్రాం వెనక్కి పంపింది. ‘చుట్టు ఆగే చోటు కనిపించలేదు’ అని తెర మీద ఒక్క వాక్యం. వకుళ కోడులో తిరిగి తిరిగి నడిచే ఆ చుట్టును విప్పి, నిలువుగా తిరగరాసి పంపింది. ఈసారి ఊరి పంపులూ దీపాలూ లిఫ్టులూ నడిపే కెర్నల్ దాన్ని లోపలికి తీసుకుంది. పంపులు ఆగలేదు. ఏ నివాస గోపురంలోనూ దీపం మిణుకుమనలేదు. ఈ కొత్త కెర్నల్ గొప్పతనమే అది. నడుస్తున్న యంత్రం గుండెలోకి, దాన్ని ఆపకుండానే, నాలుగు పంక్తుల తీర్పు దింపవచ్చు.

ఆ తీర్పులు సాకెట్ల దగ్గర, అంటే పిలుపులు లోపలికొచ్చే ద్వారాల దగ్గర, వేలాడతాయి. పేటలో ఎవరైనా నీటిపెట్టె ముందు నిలబడి అడగగానే జలకేంద్రం వైపు ఒక సాకెట్ తెరుచుకోబోతుంది. కొక్కెం ఆ మాట వింటుంది. ఒకటి అంటే దారి ఉంది, సున్నా అంటే లేదు. సున్నా పడిన ఇంట్లో పెట్టె మూగబోతుంది. ఎవరు మూశారో, ఎందుకు మూశారో చెప్పదు.

కొక్కేలు రాయడం, తగిలించడం, అవి వేటిని మూశాయో చూడటం వకుళ పని. ఏ మాటకు ఏ అర్థమో చెప్పే పట్టిక మాత్రం పైనుంచి వస్తుంది. తెర మీద నల్లగుట్టపేట వరుస ఈ వారమంతా తెల్లగా ఉంది. తెలుపంటే అవసరం లేనివాళ్ళు. నడి ఎండాకాలంలో, బోర్లన్నీ ఎండిపోయిన పేటకు నీళ్ళు అక్కర్లేదట! ఆమె ఒక పిలుపు తీసి విన్నది.

“అమ్మా, నీళ్ళు నిండుకున్నాయి. కాస్త చూడండి తల్లీ.”

దాని కింద కొక్కెం తీర్పు: పాత్ర నిండి ఉంది. సున్నా.

ఇంకొకటి విన్నది, మరొకటి విన్నది. గొంతులు వేరు, మాట అదే. తీర్పులు రాసేవాళ్ళు పేటలతో మాట్లాడకూడదు. అయినా వకుళ మొదటి పిలుపు వచ్చిన ఇంటికి లైను తెరిచింది.

“ఎవురూ?”

“జలకేంద్రం నుంచి. మస్తానమ్మగారేనా?”

“అబ్బో, ఆడ మనుషులు కూడా ఉండారా! ఇన్నాళ్ళూ గోడతో మాట్లాడతన్నాననుకున్నా. పెట్టెకి కొబ్బరికాయ కొట్టి హారతియ్యవే అని మా ఆయన ఒకటే నవ్వు.”

“మీ ఇంట్లో నీళ్ళు ఎంత ఉన్నాయి పెద్దమ్మా?”

“చెప్తన్నాగా, నిండుకున్నాయని. పిల్ల పురుడొచ్చి పడుకోని ఉంది. పసిగుడ్డు గుడ్డలు ఉతికే దారి కనపళ్ళా. పిల్లకి పాలు పడాలంటే ముందు అది నీళ్ళు తాగాలి గదా. పక్కింటోళ్ళ చెంబుతో నెట్టుకొస్తన్నాం. పొద్దున్నుంచి ఆళ్ళవీ నిండుకున్నాయి.”

“ఒక్కసారి ‘నీళ్ళు లేవు’ అనండి. పెట్టెకు అర్థమవుతుంది.”



“బాలింత ఉన్న ఇంట్లోనా? పసిబిడ్డ తలకాడ నిలబడి ఆ మాట అనమంటావా? మీ అమ్మ నీకు నేర్పలా?”

“నేర్పింది.”

“మరి? మీ పెట్టెకి తెలుగు నేర్పిందెవుడు? పేరు చెప్పు తల్లీ. తలుపు మూసేవోడికి ఒక పేరుండదా?”

వకుళ లైను మూసింది. ఆమె లేచి, తీర్పుల విభాగం అధిపతి సుధీంద్ర గారి గదికి వెళ్ళింది.

“అర్థాల పట్టికలో ఒక్క పంక్తి మారిస్తే చాలు సార్. నిండుకోవడమంటే అయిపోవడమని...”

“కూర్చో వకుళా. ఆ మాటకు అర్థం నాకు తెలియదనుకున్నావా? బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి మా అమ్మ కూడా అదే అనేది.”

“మరి?”

“మరేముంది! ఆ పంక్తి రాస్తే నల్లగుట్టపేటకు నీళ్ళు పంపాలి. ఎగువ గోపురాల తోటలకు మాటిచ్చేశాం. యంత్రం విన్నదే రాసుకుంది, మనం అబద్ధమాడలేదు. వాళ్ళనే స్పష్టంగా మాట్లాడమను.”

“ఆ ఇంట్లో బాలింత ఉంది సార్.”

“ప్రతి ఇంట్లో ఎవరో ఒకరుంటారమ్మా. చూడు, నిండుకున్నాయని చెప్పి కూడా మళ్ళీ మళ్ళీ పిలిచేవాళ్ళున్నారే, వాళ్ళను వారం పాటు మూసేసే కొక్కెం ఒకటి కావాలి. భోజనాల వేళకి తగిలించు.”

తెలియక జరిగిందనుకుని వెళ్ళింది. తెలిసే చేస్తున్నారు! ఆ మాటను తల్లి నోట విని, ఆ తల్లి వండిన అన్నం తిని పెరిగినవాళ్ళే దాన్ని తాళంగా బిగించారు. ఇంటికి కీడు జరగకూడదని ఒక ఆడమనిషి మాటను మెత్తగా అంటే, ఆ మెత్తదనాన్నే సాక్ష్యంగా తీసుకుని ఆమె గొంతు ఎండగట్టారు. పైగా ఇందులో అబద్ధం లేదట.

వకుళ తన కుర్చీకి తిరిగొచ్చి, ఆయన అడిగినది కాక వేరే కొక్కెం రాసింది. అది ఏ మాటా వినదు. ఎవరడిగినా ఒకటి అంటుంది. పాతవన్నీ దించేసి దాన్ని వేరుగుంపు దగ్గర తగిలించింది. పేటలూ గోపురాలూ అన్నీ ఆ వేరుకు కొమ్మలే. ఇక రెండోది. వేరు దగ్గరి కొక్కేన్ని తీయాలన్నా, మరొకటి పెట్టి మూయాలన్నా, ఆ మనిషి తన గొంతుతో పేరు చెప్పాలి. నీళ్ళడుగుతున్న ప్రతి ఇంటి పెట్టెలోనూ ఆ పేరు వినిపిస్తుంది. తనిఖీదారు రెండింటినీ ఒప్పుకుంది. కొక్కెం ఆగుతుందా లేదా అన్నదే అది చూస్తుంది. న్యాయమేనా అని అడగమని దానికెవరూ చెప్పలేదు.

నీళ్ళు వెళ్తున్నట్టుగా నల్లగుట్టపేట వరుస తెలుపు నుంచి నీలానికి మారింది. ఎగువ గోపురాల ఫౌంటెన్లు కుంగాయి. సుధీంద్ర గారు దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చారు.

“ఏం చేశావ్? తీసెయ్!”

“నేను తీయను సార్. ఆ అధికారం మీకూ ఉంది. పేరు చెబితే చాలు.”

ఆయన తెర చదివారు. “కెర్నల్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టిస్తాను.”

“ఆపితే ఎగువ గోపురాల లిఫ్టులూ ఆగుతాయి సార్. జనం ఉన్నారు వాటిలో.”

ఆయన పక్క హాల్లో వాళ్ళను కేకేశారు. ముగ్గురు వచ్చారు. మొదటతను తెర చదివి, “మా అత్తగారిది ఆ పేటేనండీ. ఇక నన్ను గడప తొక్కనిస్తుందా?” అని వెనక్కి తగ్గాడు. రెండో ఆమె తన గొంతు బాగాలేదంది. మూడో అతను వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

వకుళ కుర్చీ ఖాళీ చేసి పక్కన నిలబడింది. సుధీంద్ర గారు కూర్చున్నారు. మైకు వెలిగింది. గొంతు సవరించుకుని, “సు...” అని ఆగిపోయారు.

నల్లగుట్టపేట గొట్టంలో పీడనం పెరుగుతూనే ఉంది.