ఆకుల మైసమ్మకు ఒడిబియ్యం

ఆ ఏడు శ్రీరాంపూర్ వైపు వానల కంటే ముందే సైన్సు దిగింది.

ఆదిలాబాద్‌లో ఒకాయన పత్తికాయలో పురుగు ఏ వేళకు ఏం తింటుందో చూస్తూ కూర్చున్నాడు. ఆసిఫాబాద్ అడవుల్లో ఇంకొకాయన టేపు పట్టుకొని మనుషుల తలలు కొలుస్తున్నాడట. తల ఇవ్వడానికి ఎవరూ దగ్గరికి రాకపోతే తన వంటవాడి తలనే మళ్లీ మళ్లీ కొలుచుకుంటున్నాడట. కొత్త బొగ్గుబాయి తవ్వుతున్న మన క్యాంపు వాటాకు వచ్చినవాడు రామచంద్రం. ఊరు కరీంనగర్, చదువు హైదరాబాదులో, పరిశోధన రాళ్ల మీద. బాయిలోంచి పైకొచ్చే రాళ్లలో కోట్ల ఏళ్ల కిందటి ఆకుల అచ్చులుంటాయని మూడేళ్లుగా బండలు పగలగొడుతున్నాడు.

కంపెనీ అతనికిచ్చిన క్వార్టర్ పక్కదే గట్టయ్యది. బాయిలో మనుషులను పనికి దించే సర్దార్ ఆయన. ఇంట్లో ఆయన తల్లి పోచవ్వ, కూతురు తారాబాయి. తార మెట్రిక్ పాసై క్యాంపు పిల్లలకు చదువు చెబుతుంది. తల్లి లేని పిల్లని తండ్రీ, బాపమ్మా ఒక్క మాట అనకుండా పెంచారు. దాంతో ఆ మాటలన్నీ తారే అందరినీ అంటుంది.

రామచంద్రం వచ్చిన రోజే రాళ్లన్నీ రెండు క్వార్టర్ల నడుమ నల్లా దగ్గర దింపి, గుట్టల మీదికి వెళ్లిపోయాడు. వారం తర్వాత తిరిగొచ్చి నల్లా వైపు చూసి పెద్దగా అరిచాడు.

"ఆగుండ్రి! చెయ్యి ఆపుండ్రి!"

తార తడి చీర ఎత్తిపట్టుకునే వెనక్కి తిరిగింది. మోకాళ్ల దాకా దుమ్ముతో, చేతిలో సుత్తితో ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు.

"ఏమైంది సారూ? పామా?"

"పాము కాదు. మీరు బట్టలు పిండుతున్నది దేని మీదనో ఎరుకేనా?"

"రాయి మీద."

"అది ఇరవై అయిదు కోట్ల ఏండ్ల కిందటి రాయి!"

"గందుకేనా గింత గట్టిగున్నది? మా పాతది రెండేండ్లకే పలిగింది."

అతను మోకాళ్ల మీద కూలబడి రాయిని చేత్తో తడిమాడు. ఆకు ఆకారం ఉంది గానీ ఈనెలన్నీ సోడా నీళ్లలో కలిసిపోయాయి. సుత్తి దెబ్బకు ఆ బండ రెండు పలకలుగా విడిపోయినప్పుడు రెండింటి మీదా ఒకే ఆకు అచ్చు బయటపడింది. ఒక పలక తార చీరలకు బలైంది. దాని జోడి గోడకు ఆనించి ఉంది. అతను పరుగెత్తి దాన్ని రెండు చేతులా కావలించుకున్నాడు.

తార నవ్వింది. అతని కళ్లలో నీళ్లు చూసి ఆపేసింది.

"రాళ్లకేం కరువు సారూ? బాయి కాడ గుట్టలకు గుట్టలున్నయ్."

"గీ ఆకుసొంటిది ఇంకోటి లేదు. ఇప్పటిదాక ఎవ్వరు చూడలే, నేనొక్కన్నే చూసిన."

"ఇప్పుడు నేను సుత చూసిన కద."

గడపలో కూర్చున్న పోచవ్వ కళ్లు చిట్లించి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఎవలింటి పిల్లగానివి కొడుకా? ఇంటిపేరేంది?"

చెప్పాడు.

"మీ అవ్వ తల్లిగారిల్లేది?"

అదీ చెప్పాడు.

"లగ్గమైందా?"

"కాలే అవ్వా."

"అయితే కాళ్లు కడుక్కో. జొన్నరొట్టె తిందువు గాని," అంది పోచవ్వ. పెళ్లికీ రొట్టెకీ లంకె ఏమిటో ఆ పూట ఎవరికీ తట్టలేదు.

ఆనాటి నుంచి రామచంద్రం రొట్టె ఆ ఇంట్లోనే. తినేంతసేపూ తార ప్రశ్నలు వేస్తుంది, అతను రొట్టె చల్లారబెట్టుకొని జవాబులు చెబుతాడు. ఈనెలు ఎలా చీలాయో, ఎక్కడ కలిశాయో చూసే ఆకు ఏ జాతిదో చెప్పవచ్చునని ఆమె వేలు పట్టుకొని రాయి మీద చూపించాడు. చూపించడం అయిపోయాక కూడా వేలు వదలడం కాసేపు మర్చిపోయాడు.

"గిసొంటి ఆకులు ఆఫ్రికాల, ఆస్ట్రేలియాల సుత దొరుకుతయ్. ఒకప్పుడు గీ నేలలన్ని ఒక్కటే ఉండె అంటున్నరు ఇప్పటి సైంటిస్టులు."

"మరి ఎందుకు విడిపొయినయ్? కొట్లాడుకున్నయా?"

"మెల్లమెల్లగ జరిగినయ్."

"ఒక్కటి సుత ‘జర ఆగు’ అనలేదా?"

రామచంద్రం చదివిన పుస్తకాల్లో ఆ సంగతి లేదు. బయట సన్నగా వాన మొదలైంది, అతను తన క్వార్టర్‌కు పోవడానికి తొందరపడలేదు.

ఆషాఢంలో అతను ప్రొఫెసర్‌ను తీసుకురావడానికి హైదరాబాద్ బయలుదేరాడు. తన క్వార్టర్ కురుస్తుందని జోడి రాయిని గట్టయ్య వరండాలో పెట్టాడు.

"పైలం. దేవుణ్ణి చూసుకున్నట్టు చూసుకోండ్రి. ముఖ్యంగ మీరు, దాని మీద బట్టలు గిట్ట..."

తారకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ ఈనెల గురించి చెప్పించుకున్నాక కూడా ఇతను ఇంకా బట్టల గురించే అంటాడా? దేవుణ్ణి చూసుకున్నట్టే చూసుకుంటాను, చూడు అనుకుంది.

మర్నాడు పొద్దున్నే రాయిని కడిగింది. పసుపు పూసింది, కుంకుమ బొట్లు పెట్టింది, పైన రెండు గన్నేరు పూలు తురిమింది. వచ్చి చూసినప్పుడు అతని మొహం ఎలా ఉంటుందో తలచుకొని ఒక్కతే నవ్వుకుంది. తర్వాత బడికి వెళ్లింది. జరిగిన తప్పు అక్కడే.

మజ్జిగ కోసం వచ్చిన యాదవ్వ వరండాలో పసుపు రాయిని చూసింది. చూస్తే ఊరుకుంటుందా? చేతులు జోడించింది. ఆ మధ్యాహ్నమే బాయిలో కప్పు కూలింది. యాదవ్వ పెనిమిటి ఇస్తారి చెయ్యెడు దూరంలో బతికి బయటపడ్డాడు.

తార బడి నుంచి వచ్చేసరికి వరండా నిండా ఆడవాళ్లు. "ఆకుల మైసమ్మ ఎలిసింది" అని యాదవ్వ ఏడుస్తూ చెబుతోంది. అది నేను వేళాకోళానికి చేసిన పని అని ఆ కన్నీళ్ల ముందు ఎలా చెబుతుంది? మెల్లగా లోపలికి జారుకుంది.

రామచంద్రం ప్రొఫెసర్‌తో జీపు దిగే నాటికి రాయి బాయి ముందు గద్దె ఎక్కింది. ఎర్ర బట్ట, నిమ్మకాయల దండ, పక్కనే కాళ్లు కట్టేసిన కోడిపుంజు. పనికి దిగే ప్రతి మనిషీ గద్దెకు మొక్కి దిగుతున్నాడు. రాయి కదిపితే ఒక్కడూ బాయిలోకి దిగడని మేనేజరు ముందే కబురు పెట్టాడు.

"నా స్పెసిమెన్!" అన్నాడు రామచంద్రం. గబగబా వెళ్లి గద్దె మీదికి వంగి చూశాడు.

ప్రొఫెసర్ లావాటి పెద్దమనిషి. బూట్లు విప్పమన్నారు, విప్పాడు. కొబ్బరికాయ కొట్టమన్నారు, కొట్టాడు. అప్పుడు గద్దె ముందు బోర్లా పడుకున్నంత పని చేసి, జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు. గంట గడిచినా లేవలేదు.

"ఎంత భక్తి పాపం," అంది యాదవ్వ. "కండ్లకు అద్దం పెట్టుకొని మరీ మొక్కుతుండు!"

లేచి, మోకాళ్ల మట్టి దులుపుకొని, ప్రొఫెసర్ రామచంద్రాన్ని పక్కకు పిలిచాడు. "అరే మియా, నిజంగా కొత్త ఆకే. కానీ కలకత్తాలో ఇంకొకరు కూడా ఈ జాతి మీదే ఉన్నారు. రాయి మన ల్యాబులో ఉంటేనే నీ థీసిస్. మైసమ్మ గద్దె మీద ఉందని రాస్తే ఎవడు నమ్ముతాడు?"

జీపు వెళ్లిపోయింది. రామచంద్రం నల్లా దగ్గర, బట్టల సోడాకు అరిగిన పలక మీద కూర్చున్నాడు. తార చెంబుతో మంచినీళ్లు తెచ్చింది.

"మీకు కోపమొస్తలేదా?" అని అడిగింది.

"ఎవల మీద? ఇస్తారి పానం దక్కిందని యాదవ్వ మొక్కుతుంది. నేను పోయి ‘గది దేవత కాదు’ అంటనా? మూడేండ్లు పోతే పోయినయ్. ఊరికి పోయి ఏదన్న బడిల పంతులుగ చేరుత."

"ఎప్పుడు పోతరు?"

"మంగళారం పోత."

తార చెంబు తీసుకొని ఇంట్లోకి నడిచింది. అతనికి మూడేళ్ల కష్టం, తనకు అతను. తన చేతి పసుపుతో రెండూ పోతున్నాయి. నిజం చెబితే అసహ్యించుకొని పోతాడు, చెప్పకపోతే ఉత్తగా పోతాడు. ఏది మేలో తేలక రాత్రంతా బాపమ్మ పక్కలో అటూ ఇటూ పొర్లింది. తెల్లవారేసరికి బాపమ్మకు అన్నీ చెప్పేసి ఏడ్చింది. పోచవ్వ విని, నోట్లో ఆకు వక్క సర్దుకుంది. "ఊకో. మంగళారం రానియ్యి," అంది.

మంగళవారం గద్దె దగ్గర బోనాలు. క్యాంపు అంతా అక్కడే ఉంది. పోయే ముందు ఒక మాట చెప్పాలని రామచంద్రం కూడా సంచి భుజానేసుకొని వచ్చాడు. డప్పు గట్టిగా మోగింది. ఉన్నట్టుండి పోచవ్వ జుట్టు విప్పుకొని పూనకంతో ఊగింది.

"శివమొచ్చింది! అవ్వకు శివమొచ్చింది!" అని అందరూ వెనక్కి తగ్గారు.

"నేను పట్నం పోతరా!" అంది పోచవ్వ గొంతు మార్చి.

గట్టయ్య చేతులు జోడించాడు. "ఎందుకు తల్లీ? మా తోటి ఏం తప్పయింది?"

"తప్పు లేదు. చదువుకున్నోళ్లు నన్ను చూస్తమంటున్నరు, చూపిచ్చుకుంట. నా అక్క నల్లా కాడ ఎండల ఎండుతుంది, దాన్ని తెచ్చి గద్దె మీద కూసోబెట్టుండ్రి. మీ బాయిని అది కాస్తది."

అందరి చూపులూ నల్లా వైపు తిరిగాయి. తార బట్టలుతికిన పలక!

"మరి ఎవల వెంట పోతవు తల్లీ?" అన్నాడు ఇస్తారి.

"తెచ్చినోని వెంటనే పోత. కాని నేను ఇల్లు దాటే ఆడబిడ్డను. ఒడిబియ్యం పొయ్యకుంట పంపుతర్రా? ఒంటరి మొగోని ఇంట్ల నాకు దీపమెవలు పెడుతరు? నాకు మొదలు పసుపు పూసిన చెయ్యేదో, గా చెయ్యే దీపం పెట్టాలె!"

డప్పు ఆగిపోయింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నేను కాదు," అంది యాదవ్వ, "నేను చూసేటప్పటికే పసుపున్నది."

బాపమ్మ ఊగుతూనే ఒక కన్ను తార వైపు తెరిచి మూసింది. ఇప్పుడు నోరు విప్పకపోతే ఆ సంచి భుజం మీదే వెళ్లిపోతుంది.

"నేను," అంది తార, ముందుకొచ్చి. "నేనే పూసిన. మొక్కి కాదు, సార్‌ను ఏడిపిద్దామని. గింత దూరం వస్తదనుకోలే. నన్ను తిట్టుండ్రి సారూ, కాని పోకుండ్రి."

వాన చినుకులు రాలాయి. రామచంద్రం సంచి కింద పెట్టాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"మీరే పూసిన్రని. వచ్చిన నాడే చూసిన. రాయి నిండ పసుపున్నది, ఆకు మీద ఒక్క చుక్క లేదు. ఒక్క ఈనె మీద సుత పడలే. ఎక్కడ ముట్టద్దో గీ క్యాంపుల నేను చెప్పింది మీ ఒక్కరికే."

తార తల వంచుకుంది. ఏడిపించాలని పూసినప్పుడు కూడా వేలు ఈనెల అంచు దాకా వచ్చి ఆగిన సంగతి ఆమెకు ఇప్పుడే గుర్తొచ్చింది.

"తెలిసి ఎందుకు చెప్పలే?"

"చెప్తే క్యాంపంత మిమ్మల్ని అనదా? మీరే చెప్తరని చూసిన. చెప్పకపోతే..." అతను కాస్త తడబడ్డాడు. "చెప్పకపోయినా సరే, సర్దార్ గారిని అడుగుదామనే సంచి తోటి గిటు వచ్చిన. సర్దార్ గారూ, రాయి లేకున్నా ఫికర్ లేదు. తారను ఇయ్యుండ్రి, జర."

గట్టయ్య తల్లిని చూశాడు, కూతురిని చూశాడు, గద్దెను చూశాడు. బాయిలో వందమందిని నడిపించే మనిషికి ఈ ముగ్గురి ముందు ఏం చేయాలో తోచలేదు. "తల్లే చెప్పినంక నేనెవన్ని?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"ఇగ శివం దిగింది," అంది పోచవ్వ. జుట్టు ముడేసుకుంటూ యాదవ్వను మంచినీళ్లు అడిగింది.

శ్రావణంలో లగ్గమైంది. క్యాంపు ఆడవాళ్లు మైసమ్మకు ఒకసారి, తారకు ఒకసారి ఒడిబియ్యం పోశారు. అరిగిన అక్క గద్దె ఎక్కింది. చెల్లెలు పసుపు బట్టలో తార ఒడిలో కూర్చొని మంచిర్యాలలో రైలెక్కింది.

"కొత్త ఆకుకు పేరు పెట్టాలె," అన్నాడు రామచంద్రం కిటికీలోంచి జల్లు పడకుండా చెయ్యి అడ్డం పెట్టి. "నీ పేరు పెడుదునా?"

"మైసమ్మ పేరు పెట్టు. లేకుంటే బాపమ్మకు మళ్ల శివమొస్తది."

అతను నవ్వాడు. గొంతు తగ్గించి అడిగాడు. "తారా, నిజం చెప్పు. ఆనాడు మైసమ్మ నిజంగనే వచ్చిందా?"

"నేను సుత గదే అడిగిన బాపమ్మను."

"ఏమన్నది?"

"‘పిల్లగాని ఇంటిపేరు అడిగిన నాడే వచ్చింది’ అన్నది."