కెప్టెన్ ఏలీషా నిబ్బరం

దొనకొండ విమానాశ్రయంలో ప్రయాణికులు గడియారం చూసుకోవడం మానేసి చాలా కాలమైంది. గంటగంటకీ గువాహటికి రెండు చిన్న విమానాలు పక్కపక్క గేట్ల నుంచే బయల్దేరతాయి. ఒక్కోదాంట్లో అరవై సీట్లు. టికెట్ ఒకటే, ఏ గేటులోంచి ఎక్కినా అడిగేవాడు లేడు. అందుకని జనం ఆ రెండు గేట్ల మధ్య, వంకాయలు ఏరుకునేవాళ్లలా నిలబడి, పైన వేలాడే రెండు పలకల్ని మార్చి మార్చి చూస్తారు. ఒక్కో పలక మీద ఒక పైలట్ పేరు, దాని పక్కన వందలోపు ఒక అంకె.

అది 2083వ సంవత్సరం. విమానం నడపడానికి మనిషి అవసరం తీరిపోయి ఇరవై ఏళ్లు దాటింది. పైకి లేవడం, దిగడం, మబ్బుల్ని తప్పించుకోవడం, అన్నీ స్వయంసారథి అనే యంత్రమే చూసుకుంటుంది. కానీ ముందు మనిషి లేని విమానం ఎక్కమంటే జనం ససేమిరా అన్నారు. చివరికి ఒక్క మనిషైనా ఆ కుర్చీలో ఉండి తీరాలని చట్టం చేయాల్సి వచ్చింది. వాడి చేతిలో పనేమీ లేకపోయినా ఫరవాలేదు, పోతే మాతోపాటే పోవాలి అన్నది ప్రజల న్యాయం. కాదనడం కష్టమే.

ఆ కుర్చీకి అంకె తగిలించింది డాక్టర్ కందిమళ్ల సుభాషిణి. ఆవిడ శరీరధర్మ శాస్త్రవేత్త. కుర్చీ తొడుగులో ఉల్లిపొరంత పలచగా నాలుగు వేల సెన్సర్లు కుట్టించింది. కూర్చున్నవాడి గుండె వేగం, ఊపిరి లోతు, అరచేతుల చెమట, మెదడు తరంగాలు, అన్నిటినీ కలిపి ఆ పరికరం సున్నా నుంచి వంద దాకా ఒక అంకె చెబుతుంది. దాని పేరు నాడిపలక. అది చెప్పే అంకె నిబ్బరం. అలసిపోయిన పైలట్ల చేత కంపెనీలు బలవంతంగా డ్యూటీ చేయించకూడదని, అంకె పడిపోయిన మనిషిని జీతంతో సహా ఇంటికి పంపాలని ఆవిడ దాన్ని కనిపెట్టింది.

మంచికి పోతే చెడు ఎదురైంది. గగనతార అనే విమాన కంపెనీ ఆ పరికరాన్ని కొని, అంకెని తీసుకెళ్లి గేటు మీద వేలాడదీసింది. నిబ్బరం ఎనభై దాటితే పూర్తి జీతం. తగ్గితే జీతమూ తగ్గుతుంది. మూడుసార్లు అరవైకి దిగువన కనిపిస్తే కుర్చీ ఖాళీ చేయాలి.

కెప్టెన్ దాసరి ఏలీషా అంకె అప్పటికే రెండుసార్లు అరవైకి దిగువన పడింది.

ఆయనకి నలభై ఆరేళ్లు. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో పదకొండు ఊళ్లు మారాడు. ఇన్నాళ్లకి సీనియారిటీ వరుసలో నాలుగోవాడయ్యాడు. పైలట్ల లోకంలో ఆ వరుసే జాతకం. నాలుగోవాడు పగటి ట్రిప్పులు కోరుకోవచ్చు, పొద్దుగూకేసరికి ఇల్లు చేరవచ్చు, క్రిస్మస్‌కి సెలవు అడగవచ్చు. అదే ఇంకో కంపెనీకి పోతే పద్దెనిమిదేళ్ల అనుభవమూ గేటు బయట వదిలేసి, నిన్న చేరినవాడి వెనక నిలబడాలి. ఇక్కడి కుర్చీ పోతే ఏలీషాకి పోయేది జీతం ఒక్కటే కాదు. భార్య సలోమి దొనకొండలో మొదటిసారి అట్టపెట్టెలన్నీ విప్పి సామాను సర్దుకుంది, టీచరుగా చేరింది. ఆమెతో మళ్లీ పెట్టెలు కట్టమని చెప్పే ధైర్యం ఆయనకి లేదు.

పైలట్ల ఇళ్లలో ఆ రోజుల్లో నోరుకట్టు అని ఒక ఆచారం ఉండేది. డ్యూటీకి రెండు గంటల ముందు నుంచి ఇంట్లో ఎవరూ పైలట్‌కి ఏ వార్తా చెప్పకూడదు. మంచిదీ చెప్పకూడదు, చెడ్డదీ చెప్పకూడదు. నిబ్బరం చెదురుతుందని భయం. ఆ పొద్దున సలోమి ఇడ్లీలు పెడుతూ మూడుసార్లు నోరు తెరిచి మూసింది.

"ఏంది సలోమీ?"

"ఏం లేదయ్యా. తిను."

"ఏందో ఉంది. ఆఫీసు నుంచి ఫోనేమన్నా వచ్చిందా?"

"అబ్బ, ఏం లేదన్నానా! పోయిరా, వచ్చినాక చెప్తాలే."

వచ్చాక చెబుతానన్న మాటకన్నా చెడ్డవార్త ప్రపంచంలో లేదు. నిజానికి ఆమె చెప్పాలనుకున్నది నీళ్ల ట్యాంకు కారుతోందని. పాపం ఏలీషా దాన్ని ఉద్యోగంలోంచి తీసేసిన ఉత్తరం దాకా పెంచుకుని, కాలు కాలిన పిల్లిలా విమానాశ్రయమంతా తిరిగి తిరిగి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"నమస్కారం కెప్టెన్," అంది స్వయంసారథి. "మీ నిబ్బరం నలభై మూడు."

ఏలీషా కళ్లు మూసుకున్నాడు. అయిపోయింది. మూడోసారి.

"పక్క గేటులో?"

"కెప్టెన్ తొర్లికొండ మధుకర్. తొంభై ఒకటి."

"అయితే మనకెవరూ ఎక్కరు."

"నలభై మంది ఎక్కారు కెప్టెన్. ఇంకా వస్తున్నారు."

ఏలీషా ఉలిక్కిపడి క్యాబిన్ కెమెరా తెర వైపు వంగాడు. నిజమే, జనం తోసుకుంటూ వస్తున్నారు. ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలావిడ పక్కామెతో గట్టిగా చెబుతోంది.

"పోయిన వారం ఎవురో తొంభై ఏడు పైలట్టంట, ఇమానం దిగినా లేవకుండా గుర్రు పెట్టి నిద్రబోయాడంట. టీవీలో సూపిచ్చారు గదమ్మే! ఆ పక్కనాయనకీ తొంభై పైనేనంట. ఆయన్ని నమ్మేదెట్టా? ఈయన సూడు, భయపడతా ఉండాడు. భయమున్నోడు కన్ను మూయడు."

పక్కామె తల ఊపింది. వెనకాల వాళ్లూ ఊపారు. అరవై సీట్లూ నిండాయి. మధుకర్ విమానం ఆరుగురితో లేచింది.

వారం తిరిగేసరికి ఆ ముసలావిడ సిద్ధాంతం దేశమంతా పాకింది. కంపెనీలకి జనం ఏది కొంటే అదే ధర్మం. అరవైకి దిగువన ఉంటే కుర్చీ ఖాళీ చేయాలన్న నియమం గాలికి పోయింది. గగనతార రెండువందల మంది పైలట్ల ఒప్పందాల్నీ రద్దు చేసి, నెలనెలా కొత్తవి రాయించుకోవడం మొదలుపెట్టింది. ఈ నెల ఉంటావో లేదో చెప్పే కాగితం విమానం ఎక్కబోయే ముందే చేతిలో పెట్టేవారు. గోరుచుట్టు మీద రోకలిపోటులా సీనియారిటీ వరుసనీ ఎత్తేశారు. అందరి అంకెలూ యాభైకి దిగువన ఆడసాగాయి, విమానాలు కిటకిటలాడాయి. ఏలీషా పేరు మాత్రం మోగిపోయింది. ఆయన భయం అందరికన్నా నికార్సైనదని, దాన్ని ఎవరూ నేర్పలేదని ప్రయాణికులు మురిసిపోయేవారు.

ఆయనకి మాత్రం నిద్ర కరువైంది. అన్నం సయించేది కాదు. మూడు నెలల్లో ఏడు కేజీలు తగ్గాడు. ఒకరోజు పైలట్ల గదిలో డాక్టర్ సుభాషిణి ఎదురుపడింది. నాడిపలకను వెనక్కి తీసుకోమని కంపెనీతో దెబ్బలాడ్డానికి వచ్చిందావిడ. ఏలీషా ఆవిడకి పాత పరిచయమే, మొట్టమొదటి కుర్చీని ఆయన గుండె మీదే పరీక్షించారు.

"ఏం ఏలీషా గారూ, ఇంత చిక్కిపోయారేంటి?"

"భయపడతానే బతుకుతున్నా మేడమ్. అదే ఇప్పుడు నా ఉజ్జోగం."

"మీ అంకె నలభైలో ఉన్నా తొంభైలో ఉన్నా విమానానికి ఒకటేనండీ! నడిపేది యంత్రం. ఈ జనానికి ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు." ఆవిడ గొంతు తగ్గించింది. "అసలు సంగతి చెప్పనా? నా పరికరం ఇప్పుడు అలసటనీ కొలవట్లేదు, నిబ్బరాన్నీ కొలవట్లేదు. మీ ఉద్యోగం ఎంత గట్టిదో కొలుస్తోంది, అంతే. ఉద్యోగం గట్టిదైతే అంకె పెరుగుతుంది. ఊగిసలాడితే తగ్గుతుంది."

"అంటే నా ఉజ్జోగం ఊడేట్టుగా ఉన్నంతకాలం ఊడదంటారు."

సుభాషిణి నవ్వబోయి ఆగిపోయింది. అందులో నవ్వేందుకేమీ లేదని ఆవిడకే తెలిసింది.

ఏలీషాని వేరే కంపెనీ ఎగరేసుకుపోతుందేమోనని గగనతార పెద్దలకి గుబులు పట్టుకుంది. వాళ్లకీ ఒక నాడిపలక తగిలించి ఉంటే ఎంత బాగుండేదో! ఒక సోమవారం పొద్దున ట్రిప్పుకి ముందు స్వయంగా మేనేజరే కాక్‌పిట్‌లోకి వచ్చి కాగితం చేతికిచ్చాడు. అరవై ఐదో ఏడు దాకా శాశ్వత ఉద్యోగం. పూర్తి జీతం, పగటి ట్రిప్పులు, వారానికి మూడు రోజులు ఇల్లు. ఏ మూలా ఏ షరతూ లేదు. ఏలీషా రెండుసార్లు చదివాడు. సంతకం పెట్టి, సలోమికి ఫోన్ చేశాడు.

"సలోమీ, పర్మినెంటు చేశారే."

 అవతలి నుంచి ఏడుపు వినిపించింది.

"ఇంక పెట్టెలు కట్టే పని లేదుగా?"

"లేదే. ఇంక మనదీ ఊరు."

ఫోన్ పెట్టేసి కుర్చీలో వెనక్కి వాలాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ లేనంత హాయిగా గుండెల నిండా గాలి పీల్చాడు. ఆకలి కూడా వేసింది. లోకమంతా చల్లగా ఉన్నట్టనిపించింది.

"మీ నిబ్బరం తొంభై నాలుగు కెప్టెన్," అంది స్వయంసారథి.

"ఎంతమంది ఎక్కారు?"

"నలుగురు. పక్క గేటులో కెప్టెన్ మధుకర్. నెలాఖరుకి తీసేస్తామని ఆయనకి ఇందాకే కాగితం ఇచ్చారు. ముప్ఫై ఒకటి. అక్కడ యాభై ఐదు మంది ఎక్కారు."

"ఎక్కనీలే. నా ఉజ్జోగం ఇప్పుడు ఎవురి చేతిలోనూ లేదు."

అంటూనే గేటు కెమెరా తెర వైపు చూశాడు. రెండు పలకల కింద, చేతిసంచీతో డాక్టర్ సుభాషిణి నిలబడి ఉంది. గువాహటికే వెళుతున్నట్టుంది. ఏలీషాకి ఎంతో సంతోషం వేసింది. ఈ లోకంలో ఆ అంకెకి అర్థం లేదని తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే. నడిపేది యంత్రమని పదేళ్లుగా గొంతు చించుకుంటున్నదీ ఆవిడే.

సుభాషిణి తొంభై నాలుగు వైపు చూసింది. ముప్ఫై ఒకటి వైపు చూసింది. ఏలీషా పేరు మళ్లీ చదివి, కాస్త సిగ్గుపడినట్టు తల దించుకుంది. తర్వాత చకచకా మధుకర్ గేటు వైపు నడిచింది.

ఏలీషాకి అరికాళ్లలోంచి చలి పుట్టుకొచ్చింది. ఆవిడే ఎక్కకపోతే ఇంకెవరు ఎక్కుతారు? ఖాళీ విమానాన్ని కంపెనీ ఎన్నాళ్లు ఎగరేస్తుంది? కంపెనీయే మూతపడితే ఈ కాగితం ఏ పొయ్యిలోకి? సలోమి ఇప్పుడే కదా ఏడ్చింది, సంతోషంతో కదా ఏడ్చింది! గుండె దడదడలాడింది. అరచేతులు తడిసిపోయాయి.

"ఎనభై," అంది స్వయంసారథి. "అరవై ఆరు. నలభై తొమ్మిది. ముప్ఫై రెండు. ఇరవై ఏడు."

గేటు దగ్గర కలకలం రేగింది. మధుకర్ విమానం మెట్ల మీదున్న వాళ్లు ఆగి, వెనక్కి తిరిగారు. అందరికన్నా ముందు తిరిగింది సుభాషిణే. దాదాపు పరుగున వచ్చి ఎక్కి, కాక్‌పిట్ గుమ్మంలో ఒక్క క్షణం నిలబడింది. ఏలీషా ముఖం పాలిపోయి ఉంది, చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది.

"క్షమించండి ఏలీషా గారూ," అంది ఆవిడ. కుర్చీ తొడుగుని చేత్తో ఒకసారి తాకింది. "నాకు అంతా తెలుసు. అయినా కాళ్లు అటే పోయాయి."

మొదటి వరుసలో కిటికీ పక్కన కూర్చుని, బెల్టు బిగించుకుని, విమానం కదలకముందే హాయిగా నిద్రపోయింది.