గజ్జె కట్టే కాలు

వీరిశెట్టి కోట గుమ్మం దాటేనాటికి అతని చేతిలో ఉన్నవి ఇవి: మూటలు మోసే ఒక ముసలి పెరికెద్దు, ఒక ఉప్పు మూట, ఒక పొడుగాటి నార తాడు, ఒక తోలు చెండు, కట్టుకునే కాలు లేని ఒక గజ్జెల పట్టీ. వీటన్నిటికంటే బరువైనది కడుపులో ఉంది. అది భయం. దాన్ని ఎద్దు మీదికి ఎత్తడం కుదరదు కనుక అతనే మోయాలి.

ఆ భయం ఎక్కడిదో తెలియాలంటే ముందు కొంగలకోన సంగతి తెలియాలి. అది చుట్టూ కొండలున్న చిన్న రాజ్యం. ఆ కొండల్లో ఒక గుహలో గండకుడనే రాక్షసుడు ఉండేవాడు. ఏటా తొలకరికి ముందు వాడు తన ఆరు భూతాలను వెంటబెట్టుకుని మైదానంలోకి దిగి, కోనవాళ్లతో చెండాట ఆడేవాడు. ఏడుగురికి ఏడుగురు. ఎదుటివాళ్ల గుంటలో ముందుగా మూడుసార్లు చెండు వేసినవాళ్లది గెలుపు. కోనవాళ్లు గెలిస్తే గండకుడు ఏడాదిపాటు గుహ వదలడు. ఓడితే ఆడిన ఏడుగురూ ఉన్నచోటనే రాళ్లయిపోతారు. అలా రాళ్లయినవాళ్లు మైదానం చుట్టూ బారులుగా నిలబడి ఉన్నారు. గండకుడు ఒక్క చెండు కూడా వేయలేక ఓడిన రోజున రాళ్లన్నీ తిరిగి మనుషులవుతాయని పూర్వం మాట అయింది. అలాంటి రోజు ఇంతవరకూ రాలేదు. తూర్పు మూలన ఒక చెయ్యి పైకెత్తి నిలబడ్డ రాయి వీరిశెట్టి అన్న బసివిశెట్టి.

గండకుడు పెట్టిన షరతు ఇంకొకటి ఉంది. కోనవాళ్లలో ఆరుగురు మైదానంలో గీసిన తమ తమ గడులు దాటకూడదు. ఏడోవాడు మాత్రం కాలికి గజ్జె కట్టుకుని మైదానమంతా తిరగవచ్చు. చెండు పట్టవచ్చు, విసరవచ్చు, తన దగ్గర లేకపోయినా ఉన్నట్టు నటించి ఎదుటివాళ్లను తిప్పవచ్చు. భూతాలకు మాత్రం ఏ గడీ లేదు. షరతులు పెట్టింది వాళ్లే కదా! కోనవాళ్లు ఆ గజ్జెను గొప్ప గౌరవంగా ఎంచి, ఏడాది పొడవునా పసుపు రాసి కోటలో దాచుకునేవారు.

కొన్నేళ్లుగా ఆ గజ్జె సింగన్న కాలికి ఉండేది. అతను ఎడమన కనిపించి కుడిన తేలేవాడు. గజ్జె చప్పుడు చెవిన పడేసరికే మనిషి మరోచోట ఉండేవాడు. అతని పుణ్యమా అని కోనవాళ్లు బొటాబొటిగా గెలుస్తూ వచ్చారు. ఈ ఏడు సముద్రతీరపు రాజు పిలిచి కొలువిచ్చాడు. సింగన్న భార్యాబిడ్డలను బండెక్కించుకుని వెళ్లిపోయాడు. రాయి అయిపోతానేమోనని ఏటా వణికే ఆట ఎన్నాళ్లాడతాడని ఊరు కూడా అతన్ని తప్పుపట్టలేదు.

అతనిలాంటివాణ్ణి వెతికి తెమ్మని కోన రాజు వీరిశెట్టికి చెప్పాడు. అడవి దారులన్నీ తెలిసినవాడు ఉప్పు వర్తకుడే కదా. అయితే అక్కడొక ఆచారం ఉంది. గజ్జె కాలిని వెతకబోయినవాడు ఉత్త చేతులతో తిరిగొస్తే, ఆ గజ్జె అతనే కట్టుకోవాలి. వీరిశెట్టి పొట్టివాడు, బొజ్జ ఉన్నవాడు. పిల్లి అడ్డం వచ్చినా మోకాళ్లు కొట్టుకునేవి. జట్టును నడిపే కుమ్మరి ఓబులమ్మ కోట గుమ్మం దగ్గర అతన్ని ఎగాదిగా చూసింది.

“సెట్టీ, తెస్తే నిండు సింగన్నను తీస్కరా. లేకుంటే నీ కాలే గతి. నీ మోకాళ్ల సంగతి నాకు తెలుసు.”

అడవిలో మొదట ఎదురైంది దూడంత ముంగిస. ఎగిరితే డేగ, నీళ్లలో దూకితే చేప. వీరిశెట్టి చెట్టు చాటు నుంచే వణుకుతూ సంగతి చెప్పాడు. ముంగిస ఉప్పు నాకుతూ సరేనంది. అతను చెండు విసిరాడు. ముంగిస డేగై గాల్లోనే దాన్ని తన్నుకుపోయింది. ఇటు వేయమని ఎంత పిలిచినా వేయలేదు.

“ఎందుకు వేయాలి? పట్టింది నేను. ఇది నాది” అంది పైనుంచి.

మిగిలిన ఉప్పంతా నేల మీద కుమ్మరిస్తేగానీ చెండు తిరిగి రాలేదు. ఎంత బలమైన ఎద్దయినా బారులో నడవనంటే వర్తకుడికి పనికిరాదు. వీరిశెట్టి ఖాళీ గోనె మడిచి ముందుకు సాగాడు.

కొండ కొమ్మున ఒక ముని కనిపించాడు. ఆయన గజ్జె మీద నీళ్లు చిలకరించగానే పొగలోంచి సింగన్నే వచ్చి నిలబడ్డాడు. అదే ముక్కు, అవే కాళ్లు. వీరిశెట్టి ఆనందం పట్టలేక చెండు ఎడమకు విసిరాడు. ఆ సింగన్న కుడికి పరుగెత్తి, ఖాళీ గాలిని పట్టి, ఖాళీ గాలిని విసిరాడు. మళ్లీ విసిరితే మళ్లీ అదే. పోయినేడు ఆడిన ఆటను అడుగు తప్పకుండా ఆడుతున్నాడు. కళ్లలోకి చూస్తే అక్కడ చూపు లేదు. వీరిశెట్టి వెనక్కి జరిగాడు. దాన్ని తీసేయమని మునికి దణ్ణం పెట్టాడు.

ముని నవ్వి, వచ్చినవాళ్లందరూ పోయినవాణ్ణే అడుగుతారని, తన దగ్గర అంతకుమించి లేదని చెప్పి కళ్లు మూసుకున్నాడు.

దిగువన వాగు దాటుతుండగా గాలి ఆగిపోయింది. పక్షుల అరుపూ ఆగిపోయింది. అవతలి గట్టు మీద తాటి మానంత రాక్షసి కూర్చుని ఉంది. గండకుడికి అక్క. చేటలంత చెవులు, తెల్లగా పొర కమ్మిన కళ్లు. ఎండకు ఆ కళ్లు చికిలించుకుని ఉన్నాయి. వీరిశెట్టి మోకాళ్లు వణికాయి. నడుముకు కట్టిన గజ్జె ఘల్లుమంది. రాక్షసి చెవులు వెంటనే ఇటు తిరిగాయి.

“గజ్జెతో వచ్చినావా, నాయనా? మా తమ్ముడి గజ్జె కదూ అది?” అంది మెల్లగా. “కదులు. ఇంకొక్కసారి కదులు.”

వీరిశెట్టి రాయిలా బిగుసుకుపోయాడు. గజ్జె మూగబోయింది. రాక్షసి అతని వైపే చూస్తోంది, కానీ అతన్ని చూడలేకపోతోంది. ముక్కు దాకా వచ్చిన చెయ్యి గాలిని తడిమి వెనక్కి పోయింది. ఊపిరి బిగపట్టిన ఆ కాస్త సేపట్లో అతనికి వెన్ను మీద చన్నీళ్లు పోసినట్టు ఒక సంగతి తట్టింది. గుహలో పుట్టినవాళ్లకు ఎండలో కళ్లు ఆనవు. వాళ్లు చెవులతో ఆడతారు. కోనవాళ్లు పసుపు రాసి దాచుకుంటున్న గజ్జె గౌరవం కాదు. మంద ఎక్కడుందో తెలియడానికి మెడలో కట్టిన గంట.

గజ్జెలు పిడికిట్లో అదిమి, పట్టీని తాడు కొసకు కట్టాడు. పక్కనున్న వెదురు గడకు తాడును జారుముడి వేశాడు. ఎడ్ల మీద మూటలకు వేసే ముడి అది. ఒక్క లాగుకు ఊడుతుంది. తర్వాత నీళ్ల హోరు చాటున ఎద్దును తోలుకుంటూ, తాడు వదులుతూ వాగు వంపు దాకా వెళ్లి తాడు ఆడించాడు. వెదురు మీద గజ్జె ఘల్లుఘల్లుమంది. రాక్షసి ఒక్క దూకు దూకి వెదురు పొదను కౌగిలించుకుంది. వీరిశెట్టి గట్టిగా లాగాడు. ముడి ఊడి, గజ్జె నీళ్లలో పడి, చప్పుడు చేయకుండా వాగు అడుగునే అతని దగ్గరికి వచ్చింది. రాక్షసి ఇంకా పొదను నలుపుతూనే ఉంది.

వీరిశెట్టి తిరిగొచ్చాడని తెలిసి ఊరంతా కోట ముందు చేరింది. ఎద్దు వెనక ఎవరూ లేరని చూసి ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

“ఆటగాడు యాడ, సెట్టీ?” అంది ఓబులమ్మ.

“దొరకలేదమ్మా. తాడు తెచ్చినా.”

“తాడెందుకు? మమ్మల్నందరినీ ఒక గుంజకు కట్టేసేదానికా?”

వీరిశెట్టి కూర్చుని నీళ్లు తాగి, వాగు దగ్గర చూసింది చెప్పాడు. ఆ తర్వాత తన వృత్తి సంగతి చెప్పాడు. బారులో ముందు నడిచే ఎద్దుకు గంట ఉంటుంది, వెనకవన్నీ ఆ గంటను బట్టే నడుస్తాయి. ముందు ఎద్దు దారిలో కూలబడితే అలాంటిదే కావాలని ఎవరూ అడవిలో వెతకరు. దాని మూటలు విప్పి తలా కొంత మిగతావాటికి ఎత్తుతారు. గంట విప్పి ఇంకొకదానికి కడతారు. బారు సాగుతుంది.

“గజ్జె ఒకరి కాలికి ఉండాలన్నాడు గండకుడు గానీ, ఆట అయిపోయేదాకా ఆ ఒక్కరి కాలికే ఉండాలని అన్లేదు కదమ్మా” అన్నాడు.

ఓబులమ్మ గజ్జె తీసుకుని జారుముడి ఎలా వేయాలో చూపించమంది. ఎడ్లకొట్టంలో ఏడుగురూ సాధన చేశారు. సింగన్న విసురును ఓబులమ్మ తీసుకుంది. అతని పరుగును గొర్రెలకాపరి మల్లుగాడు తీసుకున్నాడు. బోల్తా కొట్టించే నటనను చాకలి పోలి తీసుకుంది. మిగిలినవాళ్లు మిగిలినవి పంచుకున్నారు. చివరికి మిగిలింది ఏడో చోటు. ఆచారం ప్రకారం అది వీరిశెట్టిది. అతనికి ఏ విద్యా రాదు.

“నీకు వణకడం వస్తాది కదా. అది చాలు” అంది ఓబులమ్మ. ఆమె నవ్వలేదు.

ఆట రోజున గండకుడు మైదానంలోకి అడుగుపెడితే దుమ్ము లేచింది. వీరిశెట్టి కాలి గజ్జె విని పకపకా నవ్వాడు.

“ఇదా మీ కొత్త సింగడు? పట్టకముందే మోగుతున్నాడే!”

చెండు లేచింది. గజ్జె వీరిశెట్టి కాలి నుంచి పోలి కాలికి, పోలి కాలి నుంచి మల్లుగాడి కాలికి మారింది. మల్లుగాడు ఎడమ గట్టు వెంట పరుగు తీశాడు. భూతాలన్నీ ఆ చప్పుడు వెంట పడ్డాయి. కుడి పక్కన చెండు గుంటలో పడింది. రెండోసారి గజ్జె పోలి దగ్గరే ఆగింది, చెండు మరో చేతి మీదుగా వెళ్లి గుంటలో పడింది. గండకుడు పళ్లు కొరికాడు. చెండు లాక్కుని కోనవాళ్ల గుంట దాకా వచ్చి విసిరాడు. అది గుంట అంచున తగిలి, వేలెడు దూరంలో ఆగింది. ఓబులమ్మ దాన్ని అందుకుని గజ్జె కోసం చూసింది. గజ్జె తిరిగి తిరిగి మళ్లీ వీరిశెట్టి కాలికే వచ్చింది.

అతను తూర్పు మూలన ఉన్నాడు. వీపు వెనక అన్న. చెయ్యి పైకెత్తిన రాయి. మోకాళ్లు మునుపెన్నడూ లేనంతగా కొట్టుకుంటున్నాయి. గజ్జె ఆగకుండా మోగుతోంది. గండకుడు, ఆరు భూతాలు కొండ విరిగిపడ్డట్టు అతని మీదికి వస్తున్నారు. ఒక్క లాగుకు ముడి ఊడుతుంది. గజ్జె విసిరేస్తే తను బతుకుతాడు. కానీ చప్పుడు ఆగితే వాళ్లు గుంట వైపు తిరుగుతారు. వీరిశెట్టి చెయ్యి ముడి దాకా పోయి, వెనక్కి వచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుని, అన్న రాతి కాలును ఒక చేత్తో పట్టుకుని, అక్కడే నిలబడి వణికాడు.

రాక్షసుడి ఊపిరి ముఖానికి తగిలింది. గోళ్లు భుజం మీద దిగాయి. అప్పుడే మైదానం అవతలి కొసన చెండు గుంటలో పడ్డ చప్పుడు వినిపించింది.

భుజం మీది గోళ్లు పొగలా కరిగిపోయాయి. అతను పట్టుకున్న కాలు చల్లగా ఉన్నదల్లా వెచ్చబడింది. పైకెత్తిన చెయ్యి మెల్లగా దిగి అతని తల మీద ఆగింది.

“ఏందిరా, ఇంతగా వణుకుతాండావు?” అన్నాడు బసివిశెట్టి. “ఎద్దుకు మేతేసినావా?”

ఆపై ఏడు ఓబులమ్మకూ వీరిశెట్టికీ పెళ్లయింది. పెళ్లిపీటల మీద కూడా మోకాళ్లు వణికాయని ఓబులమ్మ ఊరంతా చెప్పుకుని నవ్వింది. పొగై గుహ చేరిన గండకుడు, గజ్జె కిటుకు బయటపడ్డాక మళ్లీ కొండ దిగలేదు.

చివరికి లెక్క ఇలా తేలింది. పోయినవి: ఒక ఉప్పు మూట, ఒక చొక్కా భుజం. వచ్చినవి: ఒక అన్న, ఒక భార్య, బారులు బారులుగా ఇళ్లకు నడిచిపోయిన మనుషులు, మళ్లీ పశువులు మేసే మైదానం. గజ్జె ముసలి ఎద్దు మెడకు చేరింది. భయం మాత్రం ఖర్చు కాలేదు. బయలుదేరిననాడు ఎంత ఉందో, తిరిగొచ్చాకా అంతే ఉంది.