లయముగ్గు

హాలు గోడ మీది తెరపై భర్త త్రినాథ్ గుండె ముగ్గు నెమ్మదిగా మెలికలు తిరుగుతోంది. విశాలాక్షి దానివైపు చూడకుండానే టీ వడకట్టింది. కాసేపట్లో ఇద్దరూ గుండె కేంద్రానికి వెళ్లాలి. ఎందుకు పిలిచారో తెలియదు. తెలుసుకోవాలన్న ఆత్రమూ ఆమెకు లేదు.

విశాఖపట్నంలో ఇప్పుడు ఇంటింటా లయముగ్గు ఉంది. ఛాతీకి అంటించిన బిళ్ల గుండె కొట్టుకునే తీరును పంపితే, లయగణని అనే కంప్యూటర్ దాన్ని గీతగా మారుస్తుంది. ఆరోగ్యమైన గుండె గీత పోయిన దారిన మళ్లీ పోదు, అయినా ముగ్గు హద్దు దాటదు. అదే గుండెకు వెంట్రుకవాసి తేడాలతో లెక్కల్లోనే వేల కవలలను సృష్టించి, గణని వాటిని ముందుకాలంలోకి నడిపిస్తుంది. కవలలన్నీ హద్దు దాటి చెదిరిపోతే ఆ మనిషికి గడువు చెబుతుంది.

త్రినాథ్‌కు వానాకాలం చివరిదాకా అని చెప్పింది. వైద్యానికి లొంగదన్నారు.

ఆ వేసవంతా విశాలాక్షి ఏడ్చింది. "బావా, నువ్వు నేకపోతే నేనేటైపోవాల?" అని అతని భుజం తడిపేసింది. అతను పోర్టులో క్రేన్ పని మానేశాడు. తన చొక్కాలు తనే పంచిపెట్టాడు. వియోగ శిక్షకురాలు రోజూ వచ్చి, అతను పక్క గదిలో ఉండగానే, అతను లేని ఇంట్లో ఎలా బతకాలో ఆమెకు నేర్పింది. చివరికి కన్నీళ్లు ఆగిపోయాయి. "బాగా కుదుటపడ్డారమ్మా" అని శిక్షకురాలు మెచ్చుకుంది.

వానలు వెళ్లిపోయాయి. త్రినాథ్ ఉన్నాడు.

కేంద్రంలో డాక్టర్ మృణాళిని వాళ్లను కూర్చోబెట్టి, తల దించుకునే చెప్పింది. బిళ్ల పంపిన అంకెల్లో దశాంశాల చివర్లను గణని కత్తిరించేసిందట.

"అంత సిన్న తేడాకేనా?" అన్నాడు త్రినాథ్.

"ఈ లెక్కల్లో చిన్న తేడా చిన్నగా ఉండిపోదండీ, పెరుగుతూ పోతుంది. కవలలన్నీ ఆ తప్పుతోనే పుట్టాయి. సరిచేసి మళ్లీ నడిపాం. అన్నీ నిలబడ్డాయి. మీ గుండెకేమీ కాదు."

త్రినాథ్ నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. విశాలాక్షి డాక్టర్‌కు నమస్కారం పెట్టి లేచింది.

బయటికొచ్చాక అతను వంజరం చేప కొన్నాడు. దారిపొడవునా మాట్లాడుతూనే ఉన్నాడు. ఉన్నట్టుండి ఆగి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఏటే అలాగున్నావు? సంతోసంగా నేదా?"

"ఉండాల కదా" అంది ఆమె. "ఎతుకుతున్నాను. దొరకట్నేదు."

"అలిసిపోయావులే" అన్నాడు అతను.

మధ్యాహ్నం పులుసు వండింది. అతను ఆవురావురుమని తింటుంటే ఎదురుగా నిలబడి చూసింది. అన్నం అయిపోవచ్చింది.

"ఇంకొంచెం పులుసు ఏసుకుంటారా?" అని అడిగింది.

త్రినాథ్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అతను ఆమెకు సొంత మేనమామ కొడుకు. ఊహ తెలిసినప్పటినుంచీ ఆమె అతణ్ణి 'మీరు' అన్నది లేదు.

"ఎవుల్తో మాటాడతన్నావే?" అన్నాడు మెల్లగా.

అతని గొంతు విన్నాక గానీ తానేమన్నదో ఆమెకు తెలియలేదు. సరిదిద్దుకోబోయింది. 'బావా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ పిలుపు, తాను వేసవంతా ఏడ్చి సాగనంపిన మనిషిది. ఎదురుగా కూర్చున్నాయన్ని ఏమని పిలవాలో ఎంత వెతికినా ఆమెకు తోచలేదు.

గరిటెడు పులుసు కంచంలో పోసింది.

"తినండి" అంది.