కాదనలేని గొంతు

ఆ ఉదయం కూతురు స్నానం చేస్తోంది. తల్లి టిఫిన్ డబ్బాలు సర్దుతోంది. బస్సు డిపోలో మెకానిక్ అయిన తండ్రి బూట్లు వేసుకుంటుంటే బల్ల మీద ఆయన ఫోను మోగింది. ఆయన లేచేలోపే తల్లి స్పీకర్ నొక్కింది.

“నమస్కారమండీ. మీ అమ్మాయి చదువు అప్పు వాయిదాలు బాకీ ఉన్నాయి. ఎప్పుడు కడతారు?”

అది కూతురి గొంతు. తల్లి వెనక్కి తిరిగి చూసింది. స్నానాల గదిలో నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

తండ్రి మాత్రం ఉలిక్కిపడలేదు. నెలరోజులుగా ఆయన డిపోలో ఉండగా ఆ గొంతు ఫోన్ చేస్తోంది. అడిగినప్పుడల్లా సోమవారం కట్టేస్తానని మాటిచ్చాడు. తప్పిన ప్రతి మాటకీ జరిమానా పడింది.

ఇంతలో కూతురు తడిజుట్టుతో వచ్చింది. ఒకప్పుడు ఆ ఇంటి వసపిట్ట. ఉద్యోగంలో చేరాక గొంతు కాపాడుకోవాలంటూ నోరు విప్పడమే మానేసింది.

“చెప్పండి, వింటున్నాను,” అంది ఫోను. కూతురి పెదవులు కదల్లేదు.

తల్లి నిలదీసింది. ఆఫీసులో అద్దాల గదిలో కూర్చోబెట్టి వాక్యాలు చదివించారని, యంత్రం ఇప్పుడు తనలా మాట్లాడుతుందని, అది ఎవరితో మాట్లాడుతుందో మాత్రం తనకు చెప్పలేదని కూతురు నసిగింది.

“ఇంతకంటే మంచి పనే దొరకలేదా నీకు?”

“ఇన్సూరెన్స్ ఇస్తామన్నది వీళ్లొక్కళ్లే అమ్మా. చదువైపోగానే డిపో ఇన్సూరెన్స్‌లో నా పేరు తీసేశారుగా. ఎన్నాళ్లని నాన్న నా షుగర్‌కి ఇన్సులిన్ కొంటాడు?” కూతురు తండ్రి వైపు తిరిగింది. “వాయిదాలన్నీ కట్టానన్నావు?”

నీకు ఉద్యోగం వచ్చేదాకా ఆ డబ్బే ఇన్సులిన్‌కి పెట్టానని, నెలరోజులుగా ఆ గొంతుకి మాటిచ్చి తప్పుతున్నానని తండ్రి తలొంచుకుని చెప్పాడు.

“చెప్పండి, వింటున్నాను.”

కూతురికి అప్పుడు అర్థమైంది. ఇంట్లో తను దాచుకున్న గొంతు ఇన్నాళ్లూ నాన్నను ఒంటరిగా చేసి అడుగుతోంది.

“కట్టలేనని చెప్పొచ్చుగా నాన్నా. అది యంత్రం.”

“తెలుసే. కానీ నీకు మాటలొచ్చినప్పటినుంచీ ఆ గొంతుకి లేదని చెప్పలేదు నేను.”

ఆమెకు ఏడుపు ఆగలేదు. తండ్రి చేయి పట్టుకుంది. “ఇప్పుడు చెప్పు. నేనే అడుగుతున్నా.”

తండ్రి ఫోను మీదకి వంగాడు. “ఇప్పుడు కట్టలేనమ్మా. గడువు కావాలి.”

గడువు సంగతి మాట్లాడటానికి మనిషే ఒకరు ఫోన్ చేస్తారని చెప్పి, ఆ గొంతు ధన్యవాదాలతో ఫోను పెట్టేసింది. ఆ ఒక్కమాట ముందే అనుంటే ఇన్ని జరిమానాలు పడేవి కావు.

కూతురు తండ్రి భుజం మీద తల వాల్చింది.

“నాన్నా,” అంది.

తండ్రి ముందు ఫోను వైపు చూశాడు. ఆ తర్వాతే కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు.