వేడి రొట్టె చప్పుడు

"దాని జోలికి వెళ్ళకు," అన్నాడు నాన్న, వెనక్కి తిరగకుండానే.

పిచ్చుక చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నాన్నకి వీపు మీద కూడా కళ్ళున్నాయేమోనని తనకి ఎప్పటినుంచో అనుమానం.

పిచ్చుక అసలు పేరు వేరే ఉంది. బళ్ళో హాజరు పిలిచేటప్పుడు తప్ప అది ఎవరికీ గుర్తు రాదు. గోడ మీద సున్నం పెచ్చు లేచి కనిపిస్తే చాలు, పొడిచి పొడిచి ఊడదీస్తుంది. పెయింట్ డబ్బా మూత చుట్టూ ఎండిన రంగు ఉంటే గోటితో లాగుతుంది. వాన వెలిశాక మట్టి ఎండి బీటలు వారితే, ఆ పలకలు ఎత్తి కింద ఏముందో చూడందే తనకి తోచదు. అందుకే ఇంటిల్లిపాదీ పిచ్చుక అని పిలుస్తారు.

కానీ ఈ రోజు బేకరీలో తీగల స్టాండు మీద ఉన్నది మామూలు రొట్టె కాదు. ఇప్పుడే ఓవెన్‌లోంచి దిగిన పెద్ద గుండ్రటి రొట్టె. పిచ్చుక క్లాసు కోసం నాన్న ప్రత్యేకంగా చేసింది.

నిన్న టీచర్ భూమి పాఠం చెప్పారు. మనం నడిచే నేల భూమికి పైపొర మాత్రమేనట. పుస్తకంలో దాన్ని భూపటలం అన్నారు. దాని కింద, రాయి కూడా మెల్లగా కదిలేంత వేడి ఉంటుందట. వెంటనే పిచ్చుక చెయ్యెత్తి, "మా నాన్న చేసే రొట్టెలాగా టీచర్. పైన గట్టి, లోపల మెత్తన," అంది. టీచర్ ఆ మాట పట్టుకున్నారు. "అయితే రేపు అందరం మీ బేకరీకే వద్దాం. రొట్టె చూపించి నువ్వే చెప్పాలి," అన్నారు. ఇక పిచ్చుక కాళ్ళు నేల మీద నిలిస్తే ఒట్టు.

"చల్లారేదాకా ఎవరూ ముట్టుకోకూడదు," అన్నాడు నాన్న చేతులు తుడుచుకుంటూ. "చెయ్యి వెనకవైపు ఆనించి చూడాలి. వేడి తగలకపోతేనే కత్తి పెట్టాలి."

"ఎందుకు నాన్నా?"

ఇంతలో ముందు కౌంటర్ దగ్గర ఎవరో పిలిచారు. నాన్న వెళ్ళిపోయాడు. ప్రశ్న, రొట్టె, పిచ్చుక మాత్రం అక్కడే మిగిలారు.

చల్లారిన రొట్టె లోపల ఎలా ఉంటుందో పిచ్చుకకి బాగా తెలుసు. మరి వేడిగా ఉన్నప్పుడు ఎలా ఉంటుంది? ఎవరైనా ఎప్పుడైనా చూశారా? వెనకవైపు చిన్న పెచ్చు లేచి ఉంది. అది తీస్తే ఏమవుతుందిలే అనుకుంది. తీసింది. సన్నగా ఆవిరి వచ్చింది. పక్కన ఇంకొంచెం లాగింది. ఆ తర్వాత వేళ్ళు తన మాట వినలేదు.

చూస్తుండగానే అరచేతి కన్నా పెద్ద పెచ్చు ఊడి వచ్చింది. లోపల తడితడిగా, జిగటగా ఉంది. కాసేపటికి ఆ వైపు రొట్టె మెల్లగా కుంగిపోయింది. పిచ్చుక గబగబా రొట్టెను తిప్పి, పాడైన వైపు గోడకి పెట్టింది.

క్లాసంతా బిలబిలా వచ్చేసింది. పిచ్చుక గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "ఇది పైపొర. మనమంతా ఉండేది ఇలాంటి దాని మీదే..." బాగానే చెబుతోంది. టీచర్ మెచ్చుకోలుగా తలాడించి, అందరికీ కనబడాలని రొట్టెను రెండు చేతులా పైకెత్తారు. ఆవిడ బొటనవేలు లోపలికి దిగబడింది.

"అయ్యో, ఇక్కడేమైంది?" అన్నారు టీచర్, రొట్టెను తిప్పి చూస్తూ.

"ఎలుక కొరికింది టీచర్," అన్నాడు ముందు వరసలో ఉన్న అబ్బాయి. వాడిని అందరూ సైకిల్ అంటారు. సైకిల్ తొక్కడం కన్నా దాని మీంచి పడడమే వాడికి ఎక్కువ.

ఎలుక అనే మాట వినగానే, కౌంటర్ దగ్గర బన్ను కొంటున్న ఒకావిడ చేతిలోని బన్నును అనుమానంగా చూసింది. ఇంకొకాయన సంచి దించి పక్కన పెట్టాడు. నాన్న మొహం పాలిపోయింది. తెల్లవారకముందే లేచి ఈ బల్లలన్నీ తోమి కడిగేది ఆయనే. ఎలుక అన్న మాట వీధిలోకి వెళ్తే ఈ రొట్టెలు ఎవరు కొంటారు?

పిచ్చుకకి ఏడుపొచ్చింది. నోరు మూసుకుంటే తను గట్టెక్కుతుంది. నాన్న మాత్రం మునిగిపోతాడు.

"ఎలుక కాదు," అంది. గొంతు చిన్నగా వచ్చింది. కౌంటర్ దాకా వినబడాలని మళ్ళీ గట్టిగా చెప్పింది. "మా బేకరీలో ఎలుకల్లేవు. నేనే గిల్లాను. నాన్న వద్దన్నా గిల్లాను. వేడిగా ఉన్నప్పుడు లోపల ఎలా ఉంటుందో చూద్దామని."

బన్ను కొన్నావిడ చిన్నగా నవ్వి, సంచిలో వేసుకుంది.

"మరి ఎలా ఉంది?" అని అడిగారు టీచర్. ఆవిడకి నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"తడిగా ఉంది టీచర్. దానంతట అది నిలబడలేకపోయింది. పైపొర పట్టుకుని ఉందని నాకు తెలీదు."

సైకిల్ తన మోకాలు ముందుకు చాపాడు. దెబ్బ మీద నల్లగా చెక్కు కట్టి ఉంది. "ఇదీ అంతే. నేను రెండుసార్లు గిల్లాను. రెండుసార్లూ మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి దీని మొహం కూడా చూడట్లేదు."

అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు, తిట్టనూ లేదు. ఓవెన్ తెరిచి, ఇంటి కోసమని పెట్టిన చిన్న రొట్టెను తీసి స్టాండు మీద పెట్టాడు. కత్తి తెచ్చి పిచ్చుక పక్కన ఉంచాడు.

"నీ క్లాసు. నువ్వే చూసుకో," అని పక్కకి జరిగాడు.

పిల్లలంతా బల్ల మీదికి ఎగబడ్డారు. "కోసెయ్, కోసెయ్," అంటూ ఒకటే గోల. పిచ్చుక వేళ్ళు జివ్వుజివ్వుమంటున్నాయి. రొట్టె అంచున మళ్ళీ ఒక పెచ్చు లేచి ఉంది మరి. తను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, చూడడానికి వంగింది. అప్పుడు వినబడింది.

"ష్. వినండి," అంది.

చిట్. చిట్ చిట్. రొట్టె చల్లారుతూ, పైపొర బిగుసుకుంటూ, సన్నగా చప్పుడు చేస్తోంది. ఇన్నేళ్ళు ఈ బేకరీలోనే పెరిగినా పిచ్చుక ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు. వినేంతసేపు ఏ రొట్టెనూ వదిలిపెట్టిందే లేదు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చెవి దగ్గరగా పెట్టి విన్నారు. సైకిల్ అయితే ఊపిరి కూడా బిగబట్టాడు.

కాసేపయ్యాక టీచర్ గోడ గడియారం వైపు చూశారు. "ఇక కోద్దామా?"

పిచ్చుక చెయ్యి తిప్పి, వెనకవైపు రొట్టెకి మెత్తగా ఆనించింది.

"ఇంకా కాలేదు టీచర్," అంది.

టీచర్ స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆవిడ వెనకాలే క్లాసంతా నేల మీద చతికిలబడింది. నాన్న వచ్చి, కత్తి తీసుకెళ్ళి మళ్ళీ అరలో పెట్టేశాడు.